అనసూయక్క ఒప్పుకోని లెక్క

మొన్న బడిలో మధ్యాహ్న భోజనం వడ్డిస్తుంటే వంటావిడ చేతిలోంచి అన్నం వండే గంజు మూత జారి బండల మీద పడింది. పడి ఊరుకోలేదు. అంచు మీద గిరగిరా తిరుగుతూ, మెల్లగా వాలుతూ, వాలేకొద్దీ చప్పుడు తొందరపడుతూ, చివరికి గణగణమని ఒకే మోతగా మారి ఠక్కున ఆగిపోయింది. పిల్లలు నవ్వారు. నేను అన్నం గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ చప్పుడు చివర్లో ఎందుకు తొందరపడుతుందని నన్ను మొట్టమొదట అడిగిన మనిషి అనసూయక్క. మూత ఆగిపోబోతోంది కదా, అలాంటప్పుడు చప్పుడు నెమ్మదించాలి గాని ఉరుకుతుందేమిటని అడిగింది. అప్పటికి నేను బీఎస్సీ, బీఈడీ చదివి, మూడేళ్లుగా సైన్సు టీచరుగా పనిచేస్తున్నాను. నా దగ్గర జవాబు లేదు.

మహారాష్ట్రలో, చంద్రపూర్‌లోని బాబుపేట్‌లో ఆమెకు స్టీలు సామాన్ల దుకాణం ఉండేది. ముందు దుకాణం, వెనక ఆమె ఇల్లు, పైన మేం అద్దెకున్న రెండు గదులు. మాది కోర్పనా దగ్గర పల్లె, పత్తి పండించే ఇల్లు. పెళ్లయ్యాక మా ఆయనకు మాజ్రి గనిలో పని, నాకు పట్నంలో ఒక ప్రైవేటు బడిలో పని దొరికి ఇక్కడికి వచ్చాం. అనసూయక్కకు అప్పుడు యాభై దాటి ఉంటాయి. భర్త పోయి చాలా ఏళ్లయింది. ఒక్కతే కూతురు, రాజురాలో కాపురం. అక్క ఏడో తరగతి దాకా మరాఠీ బడిలో చదివింది. తెలుగు మాట్లాడుతుంది గాని చదవడం రాదు. మరాఠీ అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది. గిరాకీ లేనప్పుడు గిన్నెల దొంతరల మధ్య స్టూలు మీద కూర్చుని ఫోనులో వీడియోలు చూసేది. వంటలవి కాదు, సీరియళ్లు కాదు. పిల్లి ఎక్కడినుంచి పడ్డా కాళ్ల మీదే ఎలా దిగుతుంది, అంతరిక్షంలో నీళ్లు ఉండలు కట్టి ఎలా తేలుతాయి, అలాంటివి. చూసి ఊరుకునేది కాదు. సాయంత్రం నేను బడినుంచి వచ్చి మెట్లెక్కుతుంటే ఆపేది.

"వసంతా, జర ఆగు. నువ్వు సైన్స్ చెప్తవ్ గదా. మూత కింద పడితె ఆఖరికి గట్ల గణగణ ఎందుకు ఉరుకుతది?"

"పడ్డది గదా అక్కా, చప్పుడైతది" అని తప్పించుకోబోయాను.

"చప్పుడైతదని నాక్కూడ తెలుసు. ఎందుకు ఉరుకుతదని అడుగుతున్న."

మెట్ల మీద ఈ ప్రశ్నల బాధ తప్పించుకోవడానికే ఆమెను మా గ్రూపులో చేర్పించాను. ఉన్నమాట చెబుతున్నాను. ఫోనులో మాకొక గ్రూపు ఉండేది. నా కాలేజీ సీనియర్ దిలీప్ నడిపేవాడు. దాని పేరు 'కా బరం?' మరాఠీలో 'ఎందుకబ్బా?' అని. లెక్చరర్లు, ఇంజినీర్లు, టీచర్లు, కాలేజీ పిల్లలు ఉండేవారు. తెలుగు, మరాఠీ, హిందీ అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే రాసుకునేవాళ్లం. వేడినీళ్లు ముందు గడ్డకడతాయా, చన్నీళ్లు ముందు గడ్డకడతాయా? ఉదయించే చంద్రుడు అంత పెద్దగా ఎందుకు కనిపిస్తాడు? ఇలాంటి వాటి మీద రోజుల తరబడి కొట్టుకునేవాళ్లం. ఆ కొట్లాటల్లో నాకు మంచి పేరే ఉండేది. పాఠ్యపుస్తకంలోని వాక్యాన్ని అందరికంటే ముందు టైపు చేసేదాన్ని. నిజం చెప్పాలంటే, నాకు తెలుసుకోవడం కంటే గెలవడం మీదే ఇష్టం ఎక్కువ. ఎవరో ఒకరు తప్పు రాస్తారా అని చూస్తూ ఉండేదాన్ని.

అక్కకు టైపు చేయడం రాదు. గొంతే రికార్డు చేసి పంపేది. ఆమె మొదటి సందేశం ఆ మూత గురించే. "ఆంటీ, ఇది సైన్స్ గ్రూపు" అని ఎవరో నవ్వు బొమ్మలు పెట్టారు. దిలీప్ మాత్రం ఇంట్లో ఒక మూత తీసి తిప్పి చూశాడట. మూడు రోజులు ఆ చర్చే నడిచింది. చివరికి తేలిందేమిటంటే, మూత తిరగడం తగ్గుతున్నా, అది నేలకు వాలేకొద్దీ నేలను తాకే చోటు మాత్రం అంచు చుట్టూ ఇంకా ఇంకా వేగంగా పరుగెడుతుంది. అంత పొడుగు ఇంగ్లీషు రాతను నేను చదివి వినిపిస్తే, అక్క ఒక్క నిమిషం ఆలోచించి, "అంటే మూత ఆగుతున్నది, తాకుడు ఉరుకుతున్నది. బరోబర్" అంది. ఆ మాటనే మళ్లీ గ్రూపులో పంపింది. ఆ తర్వాత ఆమెను చూసి ఎవరూ నవ్వలేదు.

ఎండాకాలం వచ్చింది. మా ఊరి ఎండ సంగతి చెప్పనక్కర్లేదు. మే నెలలో కూలర్ లేని ఇల్లు ఇల్లే కాదు. గదిలో కూలర్ పెట్టినప్పుడు కిటికీ మూయాలా, తెరవాలా అని గ్రూపులో గొడవ మొదలైంది. మూస్తేనే చల్లదనం నిలుస్తుందని సగం మంది. తెరవాలని నాలాంటివాళ్లు. ఆవిరి, తేమ, ఉష్ణం అంటూ నేను పేరాలు రాశాను. అక్క ఒకరోజు మధ్యాహ్నం కిటికీ మూసి, మరుసటి రోజు తెరిచి, రెండు రోజులూ పక్కన వేయించిన అప్పడం పెట్టుకుని కూర్చుంది. రెండో రోజు సాయంత్రం ఆమె గొంతు వచ్చింది. "మూసిన్నాడు అప్పడం మెత్తగై వంగిపోయింది. తెరిచిన్నాడు పటపట ఇరిగింది. గాలి నిండ తడి ఉన్నంక ఇంక నీళ్లెట్ల ఎండుతయ్? నీళ్లు ఎండకపోతే సల్లగెట్లయితది?" నా పేరాలన్నింటికంటే ఆ అప్పడమే బాగా చెప్పింది. నాకు కొంచెం కోపం కూడా వచ్చింది.

అలాగని ఆమె ఎప్పుడూ సరిగ్గానే చెప్పేదనుకుంటే పొరపాటు. మహా మొండిది. దిలీప్ ఒకసారి మూడు గిన్నెల ప్రశ్న పెట్టాడు. బోర్లించిన మూడు గిన్నెల్లో ఒకదాని కింద చింతగింజ ఉంది. మీరు ఒక గిన్నె ఎంచుకున్నారు. గింజ ఎక్కడుందో తెలిసిన మనిషి, మిగిలిన రెండింట్లో ఖాళీదొకటి తీసి చూపించి, ఇప్పుడు మీ గిన్నె మార్చుకుంటారా అని అడుగుతాడు. మార్చుకుంటే లాభమా, మార్చుకోకపోయినా ఒకటేనా? మార్చుకుంటేనే గెలిచే అవకాశం రెట్టింపు అని దిలీప్ రాశాడు. అక్క మండిపడింది.

"రెండు గిన్నెలు మిగిలినయ్. ఒక్కదాని కింద గింజ ఉన్నది. గిట్లయిన గట్లయిన సగం సగమే గదా. గింత సదువుకున్నోళ్లకు గిది తెల్వదా?"

నెల రోజులు ఆమె వెనక్కి తగ్గలేదు. ఎవరు ఏం రాసినా "సగం సగమే" అని ఒకటే పాట. మాటా మాటా పెరిగి ఒకసారి దిలీప్‌ను "నీ డిగ్రీ వాపస్ ఇచ్చెయ్" అని కూడా అంది. ఒక ఆదివారం నన్ను కిందికి పిలిచింది. దుకాణంలో మూడు చిన్న గిన్నెలు బోర్లించి పెట్టింది. "నేను దాస్త, నువ్వు పట్టు. మార్చకు. మార్చకుంటనే గెలుస్తవని చూపిస్త" అంది. ఆడాం. నేను మార్చకుండా ఓడిపోతూనే ఉన్నాను. మార్చి ఆడితే ఎక్కువసార్లు గింజ దొరికింది. యాభై సార్లు దాటాక ఆమె గిన్నె ఎత్తబోయి, చేయి గాల్లోనే ఆపేసింది. ఎడమ గిన్నె ముట్టుకుంది, వదిలేసింది. కుడి గిన్నె వైపు చూసింది.

"వసంతా, నాకు తెలుసు గింజ యాడున్నదో. నేను దాన్ని తప్పిచ్చుకుంట తీస్తున్న. నువ్వు మొదట్ల తప్పు పట్టినవనుకో, నాకింక వేరే దారి లేదు, గింజున్నదాన్ని ఒదిలిపెట్టి ఉత్తదాన్నే తీయాలె. నువ్వు శాన సార్లు తప్పే పడ్తవ్. మూడిట్ల ఒక్కటే గదా కరెక్టు."

వెంటనే ఫోను తీసి, నా ఎదురుగానే రికార్డు చేసింది. "నేను అనసూయను మాట్లాడుతున్న. మూడు గిన్నెల లెక్కల నేను తప్పు. దిలీప్ బరోబర్ చెప్పిండు. నెల రోజులు అందరిని పరేషాన్ చేసిన. దిలీప్‌కు డిగ్రీ ఉండనియ్యిన్రి." అంతే. సాకు లేదు, సర్దిచెప్పుకోవడం లేదు. పంపేసి, గిన్నెలు బట్టతో తుడిచి దొంతరలో పెట్టింది. అంతమంది ముందు అలా ఎలా చెప్పగలిగిందని నేను ఆశ్చర్యపోయాను. ఆమెకు అది పెద్ద పనిలా అనిపించినట్టే లేదు. అరగంటకే మార్చుకుంటే ఎందుకు లాభమో ఒక గిరాకీకి వివరిస్తోంది. అతను ఇడ్లీ పాత్ర కోసం వచ్చాడు.

ఆ శీతాకాలం మా బడిలో తొమ్మిదో తరగతి పరీక్షలో ఒక ప్రశ్న వచ్చింది. నీళ్ల తొట్టిలో పడవ తేలుతోంది, పడవలో రాయి ఉంది. రాయి తీసి తొట్టిలోని నీళ్లలో వేస్తే నీటి మట్టం పెరుగుతుందా, తగ్గుతుందా, మారదా? రెండు మార్కులు. మా బడి సీనియర్ సైన్సు సార్ తయారుచేసిన కీలో, అంటే జవాబుల కాగితంలో, 'మారదు' అని ఉంది. పడవా, రాయీ రెండూ ఇంకా తొట్టిలోనే ఉన్నాయి గనుక అని. నాకూ అది సబబుగానే తోచింది. 'తగ్గుతుంది' అని రాసిన ముగ్గురు పిల్లలకు ఎర్ర సిరాతో తప్పు పెట్టాను. పేపర్లు ఇచ్చిన రోజు ఆ ముగ్గురిలో ప్రణాలి అనే పిల్ల నా బల్ల దగ్గరికి వచ్చింది. "మ్యాడం, మీ ఘరీ కరూన్ పాహిలం" అంది. ఇంట్లో చేసి చూశానని. బకెట్‌లో గిన్నె వేసి చూస్తే నీళ్లు తగ్గాయట. కీలో లేదు, వెళ్లి కూర్చో అన్నాను. ఆ పిల్ల పేపరు మడిచి సంచిలో పెట్టుకుంది.

కాని మనసు కుదురుగా లేదు. ఆ సాయంత్రం ఆ ప్రశ్న గ్రూపులో పెట్టాను, మా పరీక్షలోదని చెప్పకుండా. నాకు కావలసింది జవాబు కాదు, ధైర్యం. అది దొరికింది కూడా. చాలామంది 'మారదు' అన్నారు. కాదన్న ఒకరిద్దరి మీద నేను పేరాలకు పేరాలు రాశాను. అక్క గొంతు మాత్రం, "నాకు తెల్వది. పొద్దున చూసి చెప్త" అంది. పొద్దున్నే వీడియో పెట్టింది. స్టీలు డ్రమ్ములో నీళ్లు, అందులో తేలుతున్న గిన్నె, గిన్నెలో రెండు కిలోల ఇనుప తూకం రాయి. రాయి తీసి నీళ్లలో వేసింది. నీళ్లు దిగాయి. డ్రమ్ము కారుతోందేమో అని ఒకరు. చేయి పెట్టి తీసినప్పుడు నీళ్లు ఒలికి ఉంటాయి అని నేను. కాసేపటికే నాకు అక్క ఫోను వచ్చింది.

"బడి అయినంక ఇటే రా. నువ్వే చెయ్యి. నీ చేతులకెల్లి ఒలుకుతయేమో చూద్దాం."

వెళ్లాను. డ్రమ్ము కింద పొడి గుడ్డ పరిచి ఉంచింది, కారితే తెలియడానికి. గిన్నెలో తూకం రాయి పెట్టి నీళ్ల మీద వదిలాను. మట్టం గుర్తు పెట్టుకోవడానికి ఏమైనా ఉందా అని వెతుకుతుంటే, అక్క తన నొసటి నల్ల స్టిక్కరు బొట్టు తీసి, సరిగ్గా నీళ్ల అంచు మీద డ్రమ్ము లోపలి గోడకు అంటించింది. నేను రాయిని మెల్లగా పైకెత్తి, ఒక్క చుక్క ఒలకకుండా నీళ్లలోకి దించి వదిలేశాను. నీళ్లు బొట్టుకు రెండు వేళ్ల కిందికి దిగి నిలిచాయి. కింద గుడ్డ పొడిగానే ఉంది. ఇద్దరం డ్రమ్ములోకి వంగి చూస్తున్నాం. తేలే గిన్నెలో ఉన్నప్పుడు రాయి తన బరువుకు సరిపడా నీళ్లను పక్కకు నెడుతుంది, మునిగాక తన ఒళ్లంత చోటునే ఆక్రమిస్తుంది. ఇనుము నీళ్లకంటే ఎన్నో రెట్లు బరువు. ఇదంతా నేనే ఏటా పిల్లలకు చెప్పే పాఠం.

"అక్కా, ఇది నా పరీక్షల ప్రశ్న. ముగ్గురు పిల్లలకు తప్పు పెట్టిన" అన్నాను.

ఆమె నన్ను తిట్టలేదు. "వాళ్లు ఎట్ల రాసిన్రు?" అని అడిగింది.

"ఒక పోరి ఇంట్ల చేసి చూసిందట. నాకు చెప్పింది కూడ."

"మరి నువ్వు ఎందుకు చూడలె?"

ఇంట్లో బకెట్ లేదా, గిన్నె లేదా, రాయి లేదా? కింద దుకాణం నిండా గిన్నెలే. సైన్సు చెప్పి జీతం తీసుకుంటున్న దాన్ని, చూడాలని కూడా అనిపించలేదు. ఆమె రాయి తీసి తుడిచింది.

మరుసటి రోజు ప్రిన్సిపాల్ సార్ దగ్గరికి వెళ్లాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి విన్నారు. మూడు సెక్షన్లకూ ఇదే కీ అని, ఇప్పుడు మారిస్తే తల్లిదండ్రులంతా వరస కడతారని, సీనియర్ సార్ పరువేం కావాలని అన్నారు. "రెండు మార్కులే కదా మ్యాడం. వదిలేయండి. మీది ఇంకా పర్మనెంటు కాలేదు కదా" అన్నారు. బెదిరించినట్టు కాదు, మామూలుగానే. సాయంత్రం అక్కకు చెప్పాను. ఇలా చెయ్యి అని గాని, వద్దు అని గాని ఆమె అనలేదు. "డ్రమ్ము గావాల్నా?" అని మాత్రం అడిగింది.

ఆటోలో డ్రమ్ము ఒళ్లో పెట్టుకుని బడికి తీసుకెళ్లాను. తరగతిలో పిల్లల చేతే చేయించాను. నీళ్లు దిగాక, "కీ తప్పు. నేను తప్పు పెట్టాను. ప్రణాలి, మిగిలిన మీరిద్దరూ పేపర్లు తీసుకురండి" అన్నాను. ప్రణాలి పేపరు తెచ్చి ఇస్తూ, తనకు ముందే తెలుసు మ్యాడం అంది, చాలా మామూలుగా. ఎర్ర గీత కొట్టేసి, రెండు మార్కులు వేసి, పక్కన సంతకం పెట్టాను. అదే రోజు గ్రూపులో, టైపు చేస్తే మాటలు సర్దుకుంటానని భయమేసి, గొంతే పంపాను. ఆ ప్రశ్న నా పరీక్షలోదని, తప్పుగా దిద్దింది నేనేనని, నీళ్లు ఒలికాయన్నది ఉత్త మాట అని. దిలీప్ ఒక చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. అంతకు మించి ఏమీ జరగలేదు. ఎవరూ నన్ను వెలివేయలేదు.

బడిలో మాత్రం జరిగింది. జూన్‌లో నాకు తొమ్మిదో తరగతి ఇవ్వలేదు. నాలుగో తరగతికి చేతిరాత, క్రాఫ్టు ఇచ్చారు. సైన్సు గది తాళం సీనియర్ సార్‌కు అప్పగించమన్నారు. ఆ సాయంత్రం దుకాణంలో కూర్చుని ఏడ్చాను. అక్క గ్లాసులు సర్దుతూ చాలాసేపు ఏడవనిచ్చింది.

"ఆ పోరగాండ్ల మార్కులు మల్ల తీసేసిన్రా?" అంది చివరికి.

"లేదు."

"అయితె ఏడు. ఏడ్చి ముఖం కడుక్కో. చాయ్ పెడ్త."

రెండేళ్లు నాలుగో తరగతికే చెప్పాను. తర్వాత వేరే బడిలో సైన్సు పోస్టు దొరికింది. ఇప్పుడూ అక్కడే ఉన్నాను. మేం ఇల్లు మారినా అక్క దగ్గరికి రాకపోకలు ఆగలేదు. ఆమెకు కిడ్నీలు పాడైనప్పుడు, కూతురు రాలేని రోజుల్లో డయాలసిస్‌కు నేనే తీసుకెళ్లేదాన్ని. నాలుగు గంటలు ఆ మంచం మీద కదలకుండా పడుకోవడం ఆమెకు పెద్ద శిక్ష. ఫోనే దిక్కు. ఆ రోజుల్లోనే ఎవరో గ్రూపులో లెక్కల్లోని ఒక పాత గొడవ లేవదీశారు. సున్నా, చుక్క, ఆ తర్వాత అంతు లేకుండా తొమ్మిదులు. అది ఒకటికి సమానమా, కాదా?

"ఎట్లయితది? జరంత తక్కువే ఉంటది" అంది అక్క.

నేను మూడో వంతుతో మొదలుపెట్టాను. ఒకటిని మూడుతో భాగిస్తే చుక్క తర్వాత అన్నీ మూళ్లే వస్తాయి, దాన్ని మళ్లీ మూడు రెట్లు చేస్తే అన్నీ తొమ్మిదులు, కాని అది ఒకటే కావాలి కదా అన్నాను. ఆమె కళ్లు మూసుకుని విన్నది.

"మూళ్లు రాసుకుంట పోతున్నవ్. ఒడువలేదు, అయిపోలేదు. ఒడువనిది మూడో వంతు అయిందని ఎవలు చూసిన్రు? ఆడనే జరంత దాస్తున్నవ్ నువ్వు."

"సరే, ఈ రెండిటి నడుమ ఇంకో అంకె చెప్పు అక్కా. రెండూ వేరే వేరే అయితే నడుమ ఏదో ఒకటి ఉండాలె గదా."

ఆ రోజు మిషను ఆపేదాకా ఆలోచించింది. నర్సు వచ్చి సూదులు తీస్తుంటే అంది: "నాకు చెప్పరాదు. చెప్పరానంత మాత్రాన లేదంటవా? నాకు చూపియ్యి, ఒప్పుకుంట."

గిన్నెలతో చూపించగలిగింది కాదది. దిలీప్ రుజువులు పంపాడు, నేను చదివి వినిపించాను. ఆమె ప్రతిదాన్నీ శ్రద్ధగా విని, ఎక్కడ తనకు అడ్డం తగులుతోందో వేలు పెట్టి చెప్పేది. నూటికి పైగా మనుషులు ఒకవైపు, ఆమె ఒక్కతే ఒకవైపు. మూడు గిన్నెల లెక్కలో అంత తేలిగ్గా తప్పు ఒప్పుకున్న మనిషే, మా అందరి మాట కోసం ఈ లెక్కను మాత్రం ఒప్పుకోలేదు. వర్షాకాలంలో ఆస్పత్రిలో చేరింది. చూడడానికి వెళ్తే, బాగా నీరసంగా ఉంది. ఇప్పుడైనా ఒప్పుకుంటావా అక్కా అని నవ్వించడానికి అడిగాను. తల అడ్డంగా ఊపింది. నాలుగు రోజులకు పోయింది. కూతురు దుకాణం ఖాళీ చేసి రాజురా వెళ్లిపోయింది.

ఇప్పుడు నా దగ్గర ఇంకొంచెం మంచి వివరణ ఉంది. ఆ తొమ్మిదులను ఎవరో ఒకదాని తర్వాత ఒకటి రాసుకుంటూ పోతున్నారని అక్క అనుకుంది. ఎవరూ రాయడం లేదు. అవన్నీ అక్కడ ముందే ఉన్నాయి. ఒడవడం, ఒడవకపోవడం రాసే చేతికి గాని అంకెకు కాదు. ఇది నాకు తట్టింది ఆమె పోయిన ఏడాదికి. ఆమె అంతగా మొండికేయకపోతే నాకు ఎప్పటికీ తట్టేది కాదు. చదివినదాన్నే చదివినట్టు చెప్పుకుంటూ ఉండేదాన్ని. చెబితే ఒప్పుకునేదో లేదో తెలియదు. ఇందులోనూ నేను ఎక్కడ ఏం దాచానో పట్టుకునేదేమో.

ఒకప్పుడు పాఠం అయ్యాక పిల్లలను అర్థమైందా అని అడిగేదాన్ని. నలభై గొంతులు ఒక్కసారే 'హో మ్యాడం' అని మరాఠీలో అవుననేవి, నేను పుస్తకం మూసేసేదాన్ని. ఇప్పుడు అలా అడగను. ఎవరు ఒప్పుకోవడం లేదు అని అడుగుతాను. మొదట ఎవరూ చేయి ఎత్తరు. ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటారు. నేను బోర్డు తుడవను, పుస్తకం మూయను, సుద్దముక్క చేతిలో పట్టుకుని నిలబడతాను. చాలాసేపే పడుతుంది. వెనక బెంచీలోంచి ఒక చేయి, సగం దాకా, లేస్తుంది.